వెనకగది గొంతు

జూన్ 11

బాబాయికి,

నమస్కారం. ఫోను చేస్తే "నువ్వే మాట్లాడతావు, నాకు వంతు రాదు" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. దీన్నైనా చివరిదాకా చదువు.

ఇక్కడ ఉద్యోగం కుదురుకుంది. నువ్వు పనిచేసిన రోజుల్లో ప్రాంతీయ అధ్యయన కేంద్రం అంటే ఒక గది, ఒక బల్ల, ఒక టేపురికార్డరు అని చెప్పేవాడివి కదా. ఇప్పుడు మూడో అంతస్తు మొత్తం మాదే. నడవా గోడల నిండా మన నదీతీరం మ్యాపులు. లిఫ్టు మాత్రం రెండో అంతస్తు దాకానే వస్తుంది. పోయిన వారం ఒక సదస్సు జరిగింది. మన ప్రాంతం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందని పొద్దుటి నుంచి గొంతులు చించుకున్నారు. భోజనం గంట కొట్టేసరికి మాత్రం అందరూ ఏకాభిప్రాయంతో లేచారు.

ఇక అసలు సంగతి. కేంద్రం పాత రికార్డింగులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఎవరైనా వచ్చి కూర్చుని వినేలా ఒక గది తెరుస్తోంది. ఆ పని నాకు అప్పజెప్పారు. వంతెన రాకముందు నది మీద పడవ నడిపిన తాత ఉన్నాడు చూడు, ఆయనతో నువ్వు చేసిన రికార్డింగులే ఆ గదికి ప్రాణం అంటున్నారు డైరెక్టరు గారు. కేంద్రంలో ఉన్న ఆ తాత క్యాసెట్లు పైకప్పు కారి ఎప్పుడో నాశనమయ్యాయి. నీ దగ్గరున్న రెండో జత ఒక్కటే మిగిలింది. పంపవూ?

నాది ఇంకా తాత్కాలిక ఉద్యోగమే. ఈ గది బాగా వస్తే ఖాయం చేస్తామని నోటిమాటగా అన్నారు. అందుకని అడగటం లేదులే. అందుకని కూడా అడుగుతున్నాను.

నీ
గిలక్కాయ


జూన్ 19

గిలక్కాయకి,

చివరిదాకా చదివాను. రెండుసార్లు చదివాను, పనేం లేక.

క్యాసెట్లు పార్సిలు చేయించాను. మేడ కింద కళ్ళద్దాల దుకాణం ఆయన దూదిలో చుట్టి, అద్దాలు పంపించే పెట్టెలో సర్దాడు. పైన "పగిలే వస్తువు" అని రాసి ఉంటుంది, కంగారుపడకు. వాటికి బూజు పట్టింది. నా టేపురికార్డరు కూడా మూలపడింది. బాగుచేసేవాడి కోసం ఊరంతా తిరిగితే, ఒకడు దాన్ని చూసి తన పిల్లలకు చూపించడానికి ఫోటో తీసుకున్నాడు, అంతే. కాబట్టి నువ్వు అడక్కపోయినా నేనే అడిగేవాణ్ణి, కొత్త పద్ధతిలోకి మార్చిపెట్టమని.

తాత గురించి ఒక మాట. కేంద్రానికి రమ్మంటే ఆయన రాలేదు. "నేను నీళ్ళ మనిషిని, మెట్లెక్కి మాట్లాడలేను" అనేవాడు. అందుకని మా ఇంటి ముందుగదిలోనే కూర్చోబెట్టి రికార్డు చేశాను. మీ పిన్ని టీ ఇస్తే తప్ప రెండో మాట వచ్చేది కాదు ఆయనకు.

ఒక్కటే షరతు. పని అయిన వెంటనే నకలు ముందు నాకు పంపు. మీ డైరెక్టరు గారికంటే, మీ ప్రాంతం కంటే ముందు నాకు. కింద దుకాణం ఆయన దగ్గర కంప్యూటరు ఉంది, అందులో వింటాను. ఆలస్యం చెయ్యకు.

బాబాయి


జులై 15

బాబాయికి,

నీ షరతు నిలబెట్టాను. ఈ ఉత్తరంతో పాటు చిన్న పెన్‌డ్రైవ్ ఉంది. ఇంకా ఎవరూ వినలేదు.

ఈ పని చేసిపెట్టిన మా సౌండు ఇంజనీరు గురించి చెప్పాలి. ఆయన చెవులకి పొద్దున తగిలించుకున్న హెడ్‌ఫోన్లు ఇంటికెళ్ళేటప్పుడే తీస్తాడు. మేమంతా చెవులాయన అంటాం. పిలిస్తే పలకడు, భుజం తట్టాలి. నీ క్యాసెట్లు చూసి ఆయన పెదవి విరిచాడు. అనుకున్నంతా అయింది, ఒక్కసారి ఆడేసరికి టేపు మీది పూత పొడిపొడిగా రాలిపోయింది. ఆ ఒక్కసారిలోనే మొత్తం ఎక్కించేశాడు. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే అదీ దక్కేది కాదట.

ఇంకో శుభవార్త. మామూలుగా పాత రికార్డింగుల్ని పైపైన తుడిచి వదిలేస్తాం. నీ టేపులకు మాత్రం ఆయన్ని బతిమాలి, టీలు తాగించి, మళ్ళీ మళ్ళీ తుడిపించాను. "వెనకాల ఒకటే గోలమ్మా, గిన్నెలు, నీళ్ళు, ఎవరిదో సణుగుడు" అని విసుక్కుంటూనే చేశాడు. ఇప్పుడు విని చూడు! తాత గొంతు, ప్రశ్నలడిగే నీ గొంతు తప్ప చీమ చిటుక్కుమన్నది కూడా లేదు. నిన్ననే నీళ్ళొడ్డున కూర్చుని మాట్లాడినట్టుంది.

అనుమతి పత్రం కూడా పెట్టాను. రికార్డు చేసిన మనిషిగా నువ్వు సంతకం పెడితే గది తెరుస్తారు. సెప్టెంబరు అనుకుంటున్నారు.

నువ్వు మెచ్చుకుంటావని ఎదురుచూస్తూ,
గిలక్కాయ


జులై 24

గిలక్కాయకి,

విన్నాను. సగం లేదు.

సంతకం పెట్టను.

బాబాయి


జులై 30

బాబాయికి,

రెండు ముక్కల ఉత్తరం రాసి నన్ను రెండు రోజులు తినకుండా చేశావు. సరే, తిన్నాను. కానీ రుచి తెలీలేదు.

సగం లేదన్నావని మొదటి నుంచీ చూశాను. ఏ క్యాసెట్టు నిడివి దానికి సరిగ్గా ఉంది. కేంద్రం పాత ఫైలులో అప్పట్లో కాగితం మీద రాయించిన తాత మాటలు పక్కన పెట్టుకుని, ఒక్కో వాక్యం వేలు పెట్టి విన్నాను. ఒక్క పదం పోలేదు. సుడిగుండంలో చిక్కిన పడవ కథ ఉంది. ఆయన దగ్గు కూడా తీసెయ్యకుండా ఉంచాడు చెవులాయన, అది ఆయన మాటతీరులో భాగం కదా అని. మరి ఏది లేదు?

అమ్మనడిగాను. "మీ బాబాయికి ఆ కేంద్రం మీద పాత కినుక. ఇన్నేళ్ళు ఊళ్ళు పట్టుకు తిరిగితే పుస్తకాల మీద పేర్లు పెద్దవాళ్ళవే వేసుకున్నారు" అంది. నాకు బుర్ర వెలిగింది. డైరెక్టరు గారి గదికి వెళ్ళి మాట్లాడాను. కొత్తగా తెరిచే గది గుమ్మం మీద ఫలకంలో నీ పేరు మొదట వస్తుంది, పెద్ద అక్షరాలతో. ఆయన పేరు కింద. ఆయన ముఖం కొంచెం మాడింది గానీ ఒప్పుకున్నారు.

ఇప్పుడైనా పెడతావా? నా సంగతి వదిలెయ్. పేరు కోసం అలిగే మనిషివని నేను ఎప్పుడూ అనుకోలేదు, అదే కష్టంగా ఉంది.

గిలక్కాయ


ఆగస్టు 6

గిలక్కాయకి,

నా పేరు మొదట వేసినా, చివర వేసినా, అసలు వెయ్యకపోయినా నాకు ఒకటే. మీ అమ్మ వంటలో ఉప్పు సరిగ్గా చూస్తుంది, మనుషుల్ని కాదు. ఆ మాట ఆవిడకి చదివి వినిపించకు.

టేపుల్లో లేనిది మీ పిన్ని.

మా ముందుగదికీ వెనకగదికీ మధ్య తలుపు ఉండేది కాదు. ముందుగదిలో తాతా నేనూ, వెనక వంటగదిలో తనూ. తాత నది గురించి చెబుతున్నంతసేపూ తన పని తను చేసుకునేది. గిన్నెలు, కుళాయి, మధ్యమధ్య ఏదో మాట్లాడుతుండటం. తాత గొంతు కింద పడి మాటలు తెలిసేవి కావు. గొంతు మాత్రం తెలిసేది.

తను పోయాక ఇల్లు మారాను. ఫోటోలు తెచ్చుకున్నాను. పెళ్ళి వీడియోల్లో వెతికాను, అన్నిట్లోనూ ఎవరికో ఏదో అందిస్తూ అటు తిరిగే ఉంటుంది. నోరు విప్పదు. అంత మాట్లాడే మనిషి గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు, ఆ టేపుల్లో తప్ప. రోజూ సాయంత్రం ఒకటి పెట్టుకుని కూర్చునేవాణ్ణి. తాత చెప్పేది నాకు కంఠతా వచ్చు, ఆయన కోసం కాదు.

ముందే చెప్పవచ్చుగా అంటావు. ఈ వయసులో పెళ్ళాం గిన్నెల చప్పుడు వింటూ కూర్చుంటానని అన్న కూతురికి ఎలా రాస్తాను? కొత్త పద్ధతిలోకి మార్చినా ఉన్నది ఉన్నట్టే వస్తుందనుకున్నాను. చప్పుడు తీసెయ్యడం ఒక పని అనీ, దాన్ని ప్రేమతో చేస్తారనీ నాకు తట్టలేదు.

నిన్ను తప్పుపట్టడం లేదు. ఒక్కటే అడుగుతున్నా. తుడవకముందు ఎక్కించుకున్నది దాచారా? ఉంటే పంపు. లేకపోతే లేదని రాయి. సాగదీయకు.

బాబాయి


ఆగస్టు 12

బాబాయికి,

లేదు.

సాగదీయవద్దన్నావని ముందు అది రాశాను. మా కంప్యూటర్లో చోటు తక్కువ. తుడిచినది డైరెక్టరు గారు విని సరేనన్నాక మొదటిది తీసేయాలన్నది నియమం. నీకు నకలు పంపిన మర్నాడే ఆయన విన్నారు. నీ సంతకం వచ్చేదాకా ఆగాల్సింది. నేనే తీసేశాను, పని ముగించేశానన్న సంబరంతో. నీ ఉత్తరం మెట్ల మీద నిలబడి చదివాను. లోపలికి వెళ్ళలేకపోయాను.

తర్వాత చెవులాయన భుజం తట్టి విషయం చెప్పాను. హెడ్‌ఫోన్లు తీశాడు. ఆయన అలా తీయటం నేను చూడటం మొదటిసారి. ఆ తర్వాత, తుడిచి తీసేసిన చప్పుళ్ళని తను పారెయ్యనని చెప్పాడు. ఏది మాటో ఏది చప్పుడో యంత్రానికి నేర్పడానికి అవి కావాలట. అన్ని టేపులవీ కలిపి, నిశ్శబ్దాలు కత్తిరించి, ముక్కలు ముక్కలుగా ఒకే చోట వేశాడు. ఏ ముక్క ఏ టేపుదో రాసుకోలేదు. కంప్యూటర్లో ఆ అరకి పెట్టిన పేరు చెత్త.

అందులో ఏముందని అడగకు. కుక్కలు, ఫ్యాన్లు, బస్సులు, ఎవరింట్లోనో పిల్లల ఏడుపు. కేంద్రం పుట్టినప్పటి నుంచీ ఎవరెవరి ఇళ్ళలోనో పక్కన వినిపించినవన్నీ ఉన్నాయి. ఆఫీసు అయ్యాక కూర్చుని వింటున్నాను. నిన్న ఒక గొంతు దొరికింది. గిన్నెలు కడుగుతూ ఒకావిడ సన్నగా మాట్లాడుతోంది. పిన్నేననుకున్నాను. అదీ, దాని వెనకున్న ముక్కలూ పంపుతున్నాను.

క్షమించమని అడగటం లేదు, విన్న తర్వాత రాయి.

గిలక్కాయ


ఆగస్టు 20

గిలక్కాయకి,

ఆవిడ మీ పిన్ని కాదు.

మొదటి మాటకే తెలిసింది. అయినా ఆపలేదు, చివరిదాకా విన్నాను. ఒక ముక్క అయిపోగానే ఇంకొకటి. ఆవిడ పక్కన చిన్న పిల్ల ఉంది. ఆ పిల్లకి లెక్కలు చెబుతోంది, గిన్నెలు చూపించి. పెద్ద గిన్నెలోంచి చిన్న గిన్నె తీసేస్తే ఎంత అంటోంది. పిల్ల తప్పు చెప్పినా కోప్పడదు. ఓపికగల మనిషి. దుకాణం ఆయన నా వెనక నిలబడి విని "మీవాళ్ళా?" అన్నాడు. కాదన్నాను. "మరి ఎందుకు వింటున్నారు?" అన్నాడు. నేను ఇంకో ముక్క పెట్టాను.

నీకు పిన్ని బాగా గుర్తుండే ఉంటుంది గానీ, నువ్వు వచ్చినప్పుడు నువ్వే మాట్లాడేదానివి, తను వినేది. ఆనవాలు చెబుతాను. తను పిల్లలతో కాదు, వస్తువులతో మాట్లాడేది. మూత కనిపించకపోతే మూతనే తిట్టేది. స్టవ్వు వెలక్కపోతే "నీకేం వచ్చిందే ఇవాళ" అనేది. తలుపు కిర్రుమంటే తలుపుకి జవాబు చెప్పేది. అలాంటి మనుషులు ఇద్దరు ఉండరు. ఉంటే ఆ ఇంటాయన నాకు స్నేహితుడవుతాడు.

దొరక్కపోతే మానెయ్. నీ కళ్ళూ చెవులూ పోగొట్టుకోకు. నేను ఇన్నాళ్ళు విన్నాను, అది చాలామందికి దొరకదు. ఇది నీకు ధైర్యం చెప్పడానికి రాస్తున్నా, నాకు మాత్రం చాలలేదు.

బాబాయి


సెప్టెంబరు 2

బాబాయ్!

దొరికింది!

"ఏమే మూతా, నీ గిన్నెని వదిలి ఎక్కడ తిరుగుతున్నావే" అంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. చెవులాయన్ని పట్టి ఊపేశాను. ఆయన కూడా విని "అవునమ్మా, ఈవిడే, నన్ను బాగా విసిగించింది ఈవిడే" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నవ్వుతున్నాడు.

ఆ గొంతు పట్టుకుని మిగతా ముక్కలు యంత్రంతోనే ఏరించాడు. ఆ యంత్రం దీనికోసం కాదుట, అయినా చేసింది. అన్నీ రాలేదు, బాబాయ్, చాలా పోయి ఉంటాయి. వచ్చినవి వరస తప్పి ఉన్నాయి, తాత మాటల పక్కన మళ్ళీ అతికించడం కుదరదు. టేపుల్లో ఉన్నట్టు వెనకాల సన్నగా వినిపించదు. ఇందులో తను ఒక్కతే ఉంటుంది. అది నీకు బాగుంటుందో ఉండదో తెలీదు. నేను మూత ముక్క దాకానే విన్నాను. మిగతావి నీవి, దీంతో పాటే పంపుతున్నాను.

డైరెక్టరు గారితో, మా బాబాయి సంతకం పెట్టకపోవచ్చు, నేను మళ్ళీ అడగను అని చెప్పేశాను. "నీ ఉద్యోగం సంగతి ఆలోచించావా?" అన్నారు. ఆలోచించాను అన్నాను. నిజానికి ఆయన అడిగాకే ఆలోచించాను.

నీ
గిలక్కాయ


సెప్టెంబరు 10

గిలక్కాయకి,

సంతకం పెట్టి పంపుతున్నాను. తాత మాటలు పదిమంది వినాలి, అందుకే కదా ఆయన ముందు కూర్చున్నది. నీ ఉద్యోగం ఖాయం కాకపోతే ఇక్కడికి రా. దుకాణం ఆయనకి లెక్కలు రాసే మనిషి కావాలి, రోజంతా మాట్లాడినా ఏమీ అనడు.

గిన్నెలతో లెక్కలు చెప్పిన ఆవిణ్ణి మళ్ళీ ఆ చెత్తలో పడెయ్యకు. ఆ రికార్డింగు ఎవరింట్లో చేశారో చెవులాయన్ని ఆలోచించమను. ఆ పిల్ల ఇప్పుడు పెద్దదై ఎక్కడో ఉంటుంది.

నాకు పంపినది విన్నాను. తాత గొంతు లేకపోయేసరికి మొదట ఇల్లు ఖాళీ అయినట్టు అనిపించింది. తర్వాత తెలిసింది, మాటలు వినపడుతున్నాయి. ఇన్నాళ్ళూ గొంతు విన్నానే కానీ తను ఏమంటోందో నాకు తెలీదు. కుళాయిని తిట్టింది. తాత పోయినసారి చెప్పిన కథే ఇంకొంచెం పెంచి చెబుతున్నాడని టీ గిన్నెకి ఫిర్యాదు చేసింది. అది నిజమే. మీ డైరెక్టరు గారికి చెప్పకు. నవ్వు ఆగలేదు, దుకాణం ఆయన గిరాకీని వదిలి వచ్చి చూశాడు.

అన్నిట్లోకీ పెద్ద ముక్క ఒకటి ఉంది. రికార్డింగు జరుగుతుంటే వెనకాల అంతసేపు మాట్లాడకపోతే ఏమని ఆ రోజుల్లో నాకు లోలోపల చిరాకుగా ఉండేది. ఇప్పుడు విన్నాను. కిటికీ దగ్గర నిలబడి పక్కింటివాళ్ళని బతిమాలుతోంది. "కాస్త రేడియో తగ్గించండమ్మా. మా ఆయన ముందుగదిలో పెద్దాయన మాటలు టేపుకెక్కిస్తున్నారు. ఇంకొన్నాళ్ళకి ఆ తాతా ఉండడు, ఆ పడవా ఉండదు. చప్పుడు పడితే పాడైపోతుంది. ఈ ఒక్క గంటా ఊరుకోండి" అంటోంది. వాళ్ళకి వినపడలేదు కాబోలు, మళ్ళీ అంది. మూడోసారి గొంతు పెంచి అంది.

అందుకే టేపులో పడింది.

బాబాయి